వంతెన మీద తెరచాప

గురమ్మ అరుగు దిగలేదు.

పద్మకుమారి రెండుసార్లు చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. రెండుసార్లూ ఆ నీళ్ళు ఎండకు వెచ్చబడి, అలాగే లోపలికి వెళ్ళాయి. చేపల గంప బోర్లించి, స్తంభానికి వీపు ఆన్చి కూర్చున్న గురమ్మ ఏడవడం లేదు, తిట్టడం లేదు. తిట్టినా కొంత బాగుండేదనిపించింది పద్మకుమారికి.

"ఒసే పద్దూ, దాన్నెలాగో పంపించీయే," అంది కూర్మమ్మ లోపలి నుంచి గొంతు తగ్గించి. కొడుకు సినిమా తీస్తుంటే కళ్ళారా చూడాలని శృంగవరపుకోట నుంచి కూతురింటికి వచ్చిందావిడ. "ఈదీ ఈదంతా ఇటే సూస్తన్నాది. అల్లుడుగారు దిగీ ఏలయింది."

"ఏమని చెప్పి పంపనమ్మా?"

"దాని మొగుడు సాయంత్రానికి వచ్చెస్తాడని సెప్పు."

"నిన్న రాత్రి తెల్లారేసరికి వచ్చేస్తాడని చెప్పాను."

వెనక గది తలుపు ఓరగా వేసి ఉంది. దాని వెనక తమ్ముడు నరసింగరావు సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తున్న సంగతి పొగ చెబుతూనే ఉంది.

వీధిలో రిక్షా ఆగింది. పాతపట్నం క్యాంపు నుంచి పద్మకుమారి భర్త, తాలూకా ఆఫీసు హెడ్డుగుమాస్తా జగన్నాధం వచ్చాడు. చేతిలో సంచీ, చంకలో ఆఫీసు కట్ట, చొక్కా నిండా దారి దుమ్ము. అరుగు మీద మనిషిని చూసి నవ్వాడు.

"ఏటి గురమ్మా, ఈయేల ఏం చేపలు తెచ్చావు?"

గురమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించింది.

"మా మనిసిని ఇడిపించీయండి బాబూ."

జగన్నాధం నవ్వు మొహం మీదే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. పద్మకుమారి ఎదురెళ్ళి చేతిలో సంచీ అందుకుంది.

"లోపలికి రండి, చెబుతాను."

"ఏటయింది? అప్పలసూరికేటయింది?"

"నిన్న సాయంత్రం వంతెన మీద తీశారండి."

"ఏం తీశారు?"

"సినిమా. ఆఖరి సీను."

చొక్కా గుండీ విప్పుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అనుమతి రాలేదు కదా!"

"వచ్చిందన్నాడండి తమ్ముడు."

"ఎవరిచ్చారు? నేను ఊళ్ళో లేనప్పుడు ఎవరిచ్చారు?"

ఆ ప్రశ్న పద్మకుమారి తమ్ముణ్ణి అడగనే లేదు. వచ్చేసిందప్పా అని అతను గుమ్మంలోంచి కేక వేస్తే అదే చాలనుకుంది. ఆ సంతోషంలో గురమ్మకు కబురు పెట్టింది కూడా తానే. మీ పేట మగవాళ్ళని తోలుకురా, వలలూ తెడ్లూ పట్టుకు రమ్మను, ఏ భయమూ లేదు, అంతా కాగితం మీద ఉంది అని చెప్పింది.

కళింగపట్నం పక్క పేట నుంచి వాళ్ళు బస్సెక్కి వచ్చారు. తెడ్లు భుజాన వేసుకున్నారు. గడకర్రకు జేగురు రంగు తెరచాప కట్టి ముందు పట్టుకున్నారు. రేవు పోగొట్టుకున్న బెస్తలు పట్నం మీదికి మొరపెట్టుకోవడానికి వచ్చే ఘట్టం అది. "మా రేవు మాకొగ్గీండి" అని కేకలు వేసుకుంటూ నాగావళి వంతెన మధ్యకు వచ్చేసరికి, అవతలి ఒడ్డు నుంచి పోలీసు వ్యాను ఎదురొచ్చింది.

కొండల వైపు ఎర్రజెండాల గొడవలు మొదలైన దగ్గర నుంచి, నలుగురు కలిసి నిలబడితే పోలీసు ఈలలు వినిపిస్తున్న రోజులు. ఊళ్ళో నూట నలభై నాలుగో సెక్షను ఉంది. దూరం నుంచి చూసినవాళ్ళకు తెడ్లు తెడ్లలా కనబడలేదు. తెరచాప తెరచాపలా కనబడలేదు. అందరినీ వ్యానెక్కించి ఠాణాకి తీసుకుపోయారు.

"మరి కెమెరా? కెమెరా కనబడలేదా వాళ్ళకి?"

"కింద ఇసుకలో పెట్టుకున్నార్ట. వంతెన మీదికి చూస్తూ తియ్యాలని."

"కెమెరాతో వచ్చిన మద్రాసు వాళ్ళేరీ?"

"పొద్దున్నే ఆమదాలవలస వెళ్ళి రైలెక్కేశారు. హీరోయిను వేషం వేసిన ఆ నాటకాలమ్మాయి విజయనగరం వెళ్ళిపోయింది. కెమెరా పోలీసుల దగ్గరుంది."

"వాడో?"

పద్మకుమారి వెనక గది వైపు చూసింది. అంతకంటే చెప్పనక్కరలేకపోయింది. తలుపు తీసుకుని నరసింగరావే బయటికి వచ్చాడు. ఇసుకలోంచి పరుగెత్తి వచ్చిన ప్యాంటు ఇంకా మార్చలేదు.

"బావా, నా మాట కొంచెం వినండి."

"అనుమతి వచ్చిందని నీకెవరు చెప్పారు?"

"మీ తాసీల్దారు గారే. మొన్న నేను వెళితే, ఇంకేముందయ్యా, అయిపోయినట్టే అన్నారు."

"అయిపోయినట్టే అంటే అయిపోయిందనా?"

"నాకేం తెలుసు బావా! మీ ఆఫీసుల భాష నాకేం తెలుసు?" నరసింగరావు గొంతు పెరిగింది. మద్రాసులో ఉండి వచ్చిన దగ్గర నుంచి అతని మాట మారింది గాని, కోపం వస్తే ఆ మాటలో పాత ఊరి యాస తొంగిచూస్తుంది. "మున్సిపాలిటీకి వెళితే వంతెన మాది కాదు, రోడ్లవాళ్ళది అన్నారు. రోడ్లవాళ్ళ దగ్గరికి వెళితే, వంతెన మాదే గాని దాని మీద నడిచే జనం మావాళ్ళు కాదు, పోలీసుల్ని అడుగు అన్నారు. పోలీసులు కలెక్టరాఫీసు నుంచి రాయించుకు రమ్మన్నారు. అక్కడి గుమాస్తా తాలూకా రిపోర్టు కావాలన్నాడు. తాలూకాలో మీరున్నారు. మీరేమన్నారు? ఆగు, ఆగు, ఆగు!"

"ఆగమంటే ఆగాలి."

"ఒక్కడు వద్దనలేదు బావా! వద్దని మొహం మీద చెప్పుంటే నా కెమెరా సర్దుకుని నా దారిన నేను పోయేవాణ్ణి. ప్రతివాడూ కుర్చీ చూపించాడు. టీ ఇప్పించాడు. కథ చెప్పమన్నాడు. హీరోయిను ఎవరని అడిగాడు. ఆఖరికి, మా అభ్యంతరం లేదు గాని మేం రాసివ్వలేం అన్నాడు. అద్దె కెమెరా అది. ఎన్నాళ్ళని కూర్చోబెట్టను? నేను ఆగుతాను, వెలుతురు ఆగుతుందా?"

"వెలుతురు ఆగదు. లాకప్పులో ఉన్నవాళ్ళు మాత్రం ఆగాలి. అంతేనా?"

నరసింగరావు గోడకు ఆనుకున్నాడు.

"ఆడు తెలీక సేసినాడు అల్లుడుగారూ," అంది కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తెలీక కాదత్తా. తెలిసే చేశాడు. నేను పాతపట్నం వెళ్ళే రోజు చూసుకుని చేశాడు."

కాదంటాడేమోనని పద్మకుమారి తమ్ముడి వైపు చూసింది. అతను కాలి బొటనవేలితో నేల మీది ఇసుకను ఒక పక్కకు నెడుతున్నాడు.

జగన్నాధం విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. స్నానం లేదు, కాఫీ లేదు. ఆఫీసు కట్ట చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"నేను తాసీల్దారు గారిని చూసి వస్తాను. వీడు మన ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ చెప్పకు. దరఖాస్తు సంగతి అసలే ఎత్తకు."

"దరఖాస్తు పెట్టామని చెబితే మనకే మంచిది కదండీ?"

"ఏది మంచిదో వచ్చి చెబుతాను."

అరుగు మీద గురమ్మను దాటుతూ అతను తల వంచుకున్నాడు. వస్తానులే అన్నట్టు ఏదో గొణిగాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

*

పద్మకుమారి వచ్చి అరుగు మీద, గంపకు ఇవతల కూర్చుంది. ఇన్నాళ్ళూ గురమ్మతో బేరమాడేటప్పుడు ఆమె గుమ్మంలో నిలబడేది. పక్కన కూర్చోవడం ఇదే మొదలు. ఎదురింటివాళ్ళ కిటికీ రెక్క కొద్దిగా తెరుచుకుంది.

"ఆయన వెళ్ళారు గురమ్మా. మాట్లాడి వస్తారు."

"సూసినానమ్మా. బాబుకి తెలీదు. తెలిసుంటే ఒగ్గీవోరు కారు. బాబు మొగం సూత్తే తెలిసింది నాకు."

ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

"నా మాట మీదే కదా పంపావు," అంది పద్మకుమారి మెల్లగా.

"నువ్వు సెప్పినావనే పంపినాను. ఇంకోలు సెప్తే పంపుదునా? మాయోడికి బయం ఎక్కువమ్మా. సంద్రానికి బయపడడు గాని కాకీ బట్టకి బయం. నానే సెప్పినాను, పద్దమ్మగోరు సెప్పినారు, కాయితం ఉన్నాదట, నీకేటి బయమని." గురమ్మ గంప అంచు మీద వేలితో గీస్తూ మాట్లాడింది. "మరి ఆడికెంత సంబరమో! మీ తమ్ముడు బాబు ఆడిసేత ఒక మాట అనిపించినాడు. అందరికంటే ముందు నువ్వే అనాల, తరవాత అందరూ అంటారు అన్నాడట. ఇంటికాడ అదే పని. వల బాగుసేత్తా అదే మాట, కూడు తింతా అదే మాట. ఒలే, నాను గట్టిగా అన్నానా, మెల్లిగా అన్నానా అని నన్నడిగీవోడు. పక్కింటోలు నవ్వీవోరు."

"ఏమన్నా తిన్నావా నువ్వు?"

"ఆడు తిన్నాడో లేదో తెలీదు కదమ్మా."

తమ్ముడు కథ చెప్పినప్పుడు పద్మకుమారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. రేవు పోయిన బెస్తవాళ్ళ కథ. ఎక్కడ చూశావురా ఇంత బాధ అని అడిగింది. ఇప్పుడు ఆ బాధ పక్కనే కూర్చుని ఉంది. దానికి ఏం పెట్టాలో, ఏం చెప్పాలో ఆమెకు తోచడం లేదు.

*

జగన్నాధం మధ్యాహ్నం దాటాక వచ్చాడు. అరుగు మీద ఆగకుండా లోపలికి వెళ్ళి మడతమంచం మీద కూర్చున్నాడు. అందరూ చుట్టూ చేరారు.

"ఏమన్నారండీ?" అంది పద్మకుమారి.

"ఆ దరఖాస్తు మన ఆఫీసుకి రాలేదనుకుందాం అన్నారు."

"అదేటి మాటండీ! వచ్చింది కదా. మీరే కదా తీసుకున్నారు!"

"వచ్చిందంటే, ఇన్నాళ్ళూ ఎందుకు తేల్చలేదని పైనుంచి అడుగుతారు. ఇస్తామనో ఇవ్వమనో ఏదో ఒకటి ఎందుకు రాయలేదంటారు. ఆయనకి పదోన్నతి దగ్గర్లో ఉంది. అందుకని రాలేదు. అంతే." జగన్నాధం అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఠాణాకి కూడా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. తెలిసిన రైటరు గేటు దగ్గరే చెప్పాడు. జనాన్ని పోగుచేసినవాడు వచ్చి, ఇది సినిమా, బాధ్యత నాది అని వాంగ్మూలం ఇస్తే వాళ్ళని వదిలే ఆలోచన ఉంది. లేకపోతే రేపు విశాఖపట్నం జైలుకి పంపేస్తారట. అక్కడికి వెళ్ళాక మరి మన చేతిలోనూ ఉండదు, ఇక్కడి ఇనస్పెక్టరు చేతిలోనూ ఉండదు."

ముగ్గురి చూపులు నరసింగరావు మీద నిలిచాయి.

"నేను వెళితే," అన్నాడు నరసింగరావు, "వాళ్ళతో పాటు నన్నూ లోపల వేస్తారు. కెమెరా కోర్టుకి పోతుంది. రీళ్ళు విప్పి ఎండలో చూస్తారు బావా! పోలీసులకి తెలుసా రీలు ఎండలో విప్పకూడదని? ఎనిమిదేళ్ళు ఒకళ్ళ దగ్గర గొడుగు పట్టి, కుర్చీ మోసి, తిట్లు తిని..."

"వాళ్ళ రీళ్ళ సంగతేమిట్రా?" అన్నాడు జగన్నాధం.

"ఎవరి రీళ్ళు?"

"లోపలున్నవాళ్ళవి. వాళ్ళకీ ఇల్లూ వాకిలీ ఉన్నాయి కదా."

నరసింగరావు మడతమంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. బావ మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఒక్క దారి ఉంది బావా. మీరే ఒకసారి నవ్వుతూ చెప్పారు. మీ తాసీల్దారు గారు సాయంత్రం పూట కట్టలో కాగితాలు చూడకుండా సంతకం పెట్టేస్తారని."

జగన్నాధం మోకాలి మీది ఆ చెయ్యి తీసేశాడు.

"అందులో ఇది ఒకటి పెట్టండి. షూటింగుకి అభ్యంతరం లేదని నాలుగు ముక్కలు. మొన్నటి తేదీ వెయ్యండి. అంతే. వాళ్ళు బయటికి వస్తారు, నేను బయటపడతాను. ఆయనకి కూడా పేచీ ఉండదు. తేల్చలేదనే మాటే రాదు కదా."

"మీ సేతిలో పనే కదా అల్లుడుగారూ," అంది కూర్మమ్మ. "ఆ బెస్తోలు కూడా ఇంటికెల్తారు. పున్నెం."

"నా చేతిలో పని కాదత్తా. నా చేతికి సంకెళ్ళ పని."

"ఎవులికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది. రేపు తాసీల్దారు గారికి తెలుస్తాది. ఆ సంతకం నాదే, ఆ కాగితం నాకు తెలీదు, మా హెడ్డుగుమాస్తా కలిపేశాడు అంటారాయన. అనకుండా ఎందుకుంటారు?" జగన్నాధం లేచి నిలబడ్డాడు. "నీ కొడుకు సినిమా ఆడకపోతే ఇంకోటి తీస్తాడు. నా ఉద్యోగం పోతే ఇంకోటి ఎవరిస్తారు నాకు?"

"అంటే నా కొడుకు జైల్లో కూకున్నా మీకు పరవాలేదన్నమాట." కూర్మమ్మ లేచింది. మూలనున్న ట్రంకుపెట్టె మీద ఆరవేసిన చీర లాగి మడత పెట్టసాగింది. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ మడిచింది. "నాను మా ఊరు పోతాను. అల్లుడింట ఉండి ఇది సూడలేను. ఒసే పద్దూ, బస్సు ఎన్నింటికే?"

ఆ చీర మడతల చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినబడలేదు.

జగన్నాధం భార్య వైపు తిరిగాడు.

"నువ్వేమంటావు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆఫీసు సంగతి అతను ఆమెను ఎప్పుడూ అడగలేదు. ఆమె కలగజేసుకుందీ లేదు. ఇవాళ అడిగాడు. ఆ అడగడంలో ఆమె సలహా కావాలన్న ఆశ లేదు. వద్దని తనతో పాటు ఇంకొకరు అనాలన్న ఆరాటం మాత్రమే ఉంది.

పెట్టేయండి ఆ కాగితం అని అనాలనిపించింది పద్మకుమారికి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది. వద్దంటే తమ్ముడు. పెట్టమంటే మొగుడు. ఏమీ అనకపోతే అరుగు మీద గురమ్మ.

"గురమ్మకి అన్నం పెట్టాలి," అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జగన్నాధం ఆమె వెళ్ళిన గుమ్మాన్నే చూస్తూ నిలబడ్డాడు. తరవాత పెరట్లోకి వెళ్ళి, నూతి చప్టా మీద ఒంటరిగా కూర్చున్నాడు.

*

క్యారేజీలో అన్నం, పులుసు సర్దింది పద్మకుమారి. కొంగు భుజం చుట్టూ కప్పుకుని వెనక గది దగ్గర ఆగింది.

"నేను ఠాణాకి వెళుతున్నాను. నువ్వు రా."

నరసింగరావు తల ఎత్తాడు. "అప్పా, నిన్న రాత్రే పోస్టాఫీసు నుంచి మద్రాసుకి ట్రంక్ కాల్ చేశాను. మా ప్రొడ్యూసరు ఎవరో పెద్దమనిషితో మాట్లాడిస్తానన్నాడు. రేపటికల్లా..."

"రేపు వాళ్ళని పంపేస్తారట కదరా."

అతను కింది పెదవి కొరుక్కున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చినప్పుడు ఇలాగే నిలబడేవాడు. అప్పుడు ఆమె తన పలక ఇచ్చేది.

"ఆడదానివి, ఠాణా మెట్లెక్కుతావేటే!" అని కూర్మమ్మ వెనక నుంచి కేక వేసింది. అప్పటికే పద్మకుమారి వీధిలో ఉంది.

"తిండి ఇచ్చి వద్దాం పద గురమ్మా. నువ్వు కూడా చూసినట్టుంటుంది."

గురమ్మ గంప నెత్తికెత్తుకుంది. ఇద్దరూ ఎండలో నడిచారు. రిక్షా పిలుస్తానంటే గురమ్మ ఎక్కనంది. చెప్పుల్లేని ఆమె కాళ్ళు ముందు, చెప్పులున్న పద్మకుమారి కాళ్ళు వెనక. దారిలో ఎవరో పలకరించారు. పద్మకుమారికి వినబడలేదు.

ఠాణా ఆవరణలో చెట్టు కింద తెడ్లు కుప్పగా పడి ఉన్నాయి. వాటి మీద తెరచాప, ఎవరో తొక్కిన బూటు గుర్తులతో. దాన్ని చూడగానే గురమ్మ నడక ఆగింది. వంగి, మట్టి దులపబోయింది.

"ఏయ్, ముట్టుకోకు!" అన్నాడు కానిస్టేబులు.

లోపల గదిలో ఇనస్పెక్టరు ఉన్నాడు. దక్షిణాది జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. పద్మకుమారిని చూసి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"అన్నం తెచ్చామండి. నిన్న వంతెన దగ్గర పట్టుకున్నవాళ్ళకి."

"ఇచ్చి వెళ్ళండమ్మా. తిననివ్వకపోవడానికి మేమేం రాక్షసులం కాదు." అతను పెన్ను కింద పెట్టాడు. "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. ఒక సంగతి చెప్పండి. ఒగ్గీండి అంటే ఏమిటి?"

"వదిలెయ్యండి అని అర్థమండి."

"మా రైటరూ అదే రాశాడు. ఏమని అరిచావురా అని అడిగితే, ఆ అప్పలసూరి అనేవాడు లాకప్పులోనే లేచి, చెయ్యి పైకెత్తి మళ్ళీ అదే కేక వేశాడు. మిగిలినవాళ్ళంతా అందుకున్నారు. అడిగితే, ముందు నేననాలి, తరవాత వాళ్ళనాలి, అలా నేర్పారు అంటాడు. ఇది రాసి పైకి పంపితే వాళ్ళేమనుకుంటారమ్మా?"

"సినిమా కోసమండి అదంతా."

"సినిమాయే కావచ్చు. తీసినవాడేడీ? కెమెరా పట్టినవాడేడీ? అనుమతి ఏదీ? సినిమా వంకన జనాన్ని పోగు చెయ్యరని నన్నెవరు నమ్మమంటారు? నేను నమ్మినా పైవాళ్ళు నమ్మాలి కదా." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. అదే పద్మకుమారిని ఎక్కువ భయపెట్టింది. "ఎవరు పిలిచార్రా అంటే అందరిదీ ఒకటే మాట. విడివిడిగా అడిగినా అదే మాట. గురమ్మ చెప్పింది, వచ్చాం అంటారు. ఎవరమ్మా ఈ గురమ్మ? ఆమె దొరికితే వీళ్ళతో నాకు పని లేదు. ఆమెనొక్కదాన్నీ పంపితే సరిపోతుంది."

పద్మకుమారి క్యారేజీ బల్ల మీద పెట్టింది.

వెనక, గుమ్మం దగ్గర గంపతో నిలబడ్డ గురమ్మకు తన పేరు వినబడింది. ఆ పేరు వెనక ఏముందో వినబడలేదు. మొగుణ్ణి చూడనిస్తారేమోనని ఆశగా ఒక అడుగు ముందుకు వేసింది.

"నానే బాబూ గుర..."

"పిలిచింది నేనండి," అంది పద్మకుమారి.

ఇనస్పెక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఈవిడ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి. ఈవిడకి చెప్పింది నేను. అనుమతి ఉందని చెప్పింది నేను. వాళ్ళు నా మాట మీద వచ్చారు."

"ఉందా అనుమతి?"

"దరఖాస్తు..." అని ఆగిపోయింది.

"ఎక్కడ పెట్టారు దరఖాస్తు? ఏ ఆఫీసులో?"

ఆఫీసు పేరు చెబితే అక్కడ ఎవరున్నారని అడుగుతాడు.

"ఎవరు పెట్టారు?"

ఆ పేరు చెబితే ఇంటికి జీపు వెళుతుంది.

"అమ్మా, మీరు నాకు సాయం చేద్దామని వచ్చారా, అడ్డం పడదామని వచ్చారా?" ఇనస్పెక్టరు నిట్టూర్చాడు. "ఒక్కొక్క ప్రశ్నకీ ఒక్కొక్కరిని దాస్తున్నారు మీరు. దాచడానికి మీకు మనుషులున్నారు. ఆ లాకప్పులో వాళ్ళకి ఎవరున్నారు?"

లోపలి వైపు చువ్వల వెనక నుంచి ఎవరో దగ్గారు. గురమ్మ చటుక్కున అటు తిరిగింది. ఆ దగ్గు ఎవరిదో ఆమెకు తెలుసు.

"సరే. రాసుకోవయ్యా," అన్నాడు ఇనస్పెక్టరు రైటరుతో. "జనాన్ని పిలిచింది నేనే అని ఈవిడ తనంతట తానుగా వచ్చి చెప్పారు. పేరు?"

"పద్మకుమారి."

పెన్ను కాగితం మీద గరగర కదిలింది.

"భర్త పేరు?"

పద్మకుమారి నోరు తెరిచింది. ఆ పేరు ఆమె ఒక్కసారి కూడా పైకి పలకలేదు. గుళ్ళో పూజారి అడిగినా పక్కనున్నవాళ్ళు చెప్పేవారు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఎదురింటావిడ చెప్పింది. ఇక్కడ ఆమె పక్కన గురమ్మ తప్ప ఎవరూ లేరు. గురమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ పేరు బయటపడితే బాబుకి ముప్పని అప్పటికి గురమ్మకు అర్థమైనట్టుంది. పెదవులు బిగించుకుంది.

సాయం కోసం వెతికినట్టు పద్మకుమారి కిటికీలోంచి బయటికి చూసింది.

ఠాణా గేటు దగ్గర జగన్నాధం నిలబడి ఉన్నాడు. చెమటకు తడిసిన చొక్కా వంటికి అంటుకుని ఉంది. రెండు చేతులతోనూ సైకిలు హ్యాండిలు పట్టుకుని, కిటికీ వైపే చూస్తున్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ఇద్దరి చూపులూ కలిశాయి. అతను చూపు తిప్పుకోలేదు. లోపలికీ రాలేదు.

అతని చేతుల్లో సైకిలు కొద్దిగా కదిలింది. స్టాండు వేస్తున్నాడో, వెనక్కి తిప్పుతున్నాడో ఆమెకు కనబడలేదు. ఆ మధ్యలో కానిస్టేబులు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"భర్త పేరేటమ్మా?" అని రైటరు తల ఎత్తకుండా మళ్ళీ అడిగాడు.